స్కేలు అంచున నస్రీన్

తెలుగు పత్రికలు చదివి పెరిగినవాళ్లకు గీత అనగానే బాపు గుర్తొస్తారు. ఒక్క విసురులో నడుము, రెండు ఒంపుల్లో జడ, ఒక చుక్కతో కోపమో అలకో. కింద సంతకం లేకపోయినా ఎవరి చెయ్యో చెప్పేస్తాం. గీతను మనం మెచ్చుకునేది దాదాపు ఎప్పుడూ ఇలాగే. అందులో చెయ్యి కనిపించాలి. ఆ చేతి ఒడుపు, వేగం, కొంటెతనం కనిపించాలి.

నస్రీన్ మొహమెది బొమ్మల ముందు ఈ అలవాటు పనికిరాదు. కాగితం మీద స్కేలు పెట్టి గీసిన సన్నటి గీతలు. రంగు దాదాపు లేదు. మనిషి లేడు, చెట్టు లేదు, బొమ్మకు పేరు కూడా లేదు. ఇంజనీరు ఆఫీసులో నుంచి ఎవరో పొరపాటున తెచ్చి గోడకు తగిలించిన కాగితాల్లా ఉంటాయి మొదటి చూపుకి. కాసేపు నిలబడితే మాత్రం గీతలు కదలడం మొదలవుతుంది. కొన్ని వెనక్కి జారతాయి, కొన్ని ముందుకు వస్తాయి, మధ్యలోని తెల్లదనానికి లోతు వస్తుంది. ఈ పని చేసిన మనిషి చివరి సంవత్సరాల్లో నరాల జబ్బుతో ఒంటి కదలికల మీద క్రమంగా పట్టు కోల్పోయారని తెలిశాక చూసేవాడి మనసు ఇంకో దారి పడుతుంది. అయ్యో అంటాం, ఆహా అంటాం, బొమ్మను వదిలేసి జబ్బును చూడటం మొదలుపెడతాం.

ఆ దారి పట్టకుండా ఆవిడ పనితనాన్ని చూడాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం. జబ్బును దాచిపెట్టి చూడటం కుదరదు. ఎందుకంటే ఆ గీతలు గీసింది ఆ చేతులే. అయితే నస్రీన్ గొప్పతనం జబ్బును జయించడంలో ఉందని అనుకుంటే ఆవిడ చేసిన అసలు పని మన కంటికి ఆనదు. చేతి నుంచి ఏది అడగాలి, ఏది పనిముట్టుకు అప్పజెప్పాలి అన్న లెక్కను ఆవిడ ఏళ్ల తరబడి తేల్చుకుంటూ వచ్చారు. పనితనమంతా ఆ లెక్కలో ఉంది.

ముందు జీవితం, క్లుప్తంగా. నస్రీన్ 1937లో కరాచీలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయారు. కుటుంబం 1944లో బొంబాయికి వచ్చింది. వాళ్ల వ్యాపారం బహ్రెయిన్‌లో ఉండేది కాబట్టి గల్ఫ్ ఎడారులూ తీరాలూ ఆవిడకు పరిచయం. 1954 నుంచి 57 దాకా లండన్‌లోని సెయింట్ మార్టిన్స్‌లో చదువుకున్నారు. తిరిగొచ్చాక బొంబాయిలో భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసుకున్నారు. చిత్రకారులూ సంగీతకారులూ నాటకాలవాళ్లూ ఒకే కప్పు కింద మసలిన చోటది. అక్కడే వి.ఎస్. గైతోండే పరిచయం. బొమ్మలో ఆకారం లేకపోయినా బొమ్మ నిలబడుతుందని మన దేశంలో నిరూపించిన పెద్ద చిత్రకారుడాయన. 1961 నుంచి 63 దాకా ప్యారిస్. కొన్నాళ్లు ఢిల్లీ. 1972లో బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలోని ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో అధ్యాపకురాలిగా చేరారు. పనిచేసే జీవితంలో మిగిలినదంతా దాదాపు అక్కడే గడిచింది. 1990లో అలీబాగ్ దగ్గరి కీహిమ్ అనే సముద్రతీర గ్రామంలో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బరోడా మన చిత్రకారులకు కొత్త ఊరేమీ కాదు. మెదక్ ప్రాంతం నుంచి వెళ్లిన కె. లక్ష్మాగౌడ్ 1960లలో అక్కడే చదువుకున్నారు. ఆయన గీతలు తెలుగువాళ్లకు బాగా తెలుసు. ఊళ్లూ మేకలూ చెట్లూ ఆడా మగా ఒకరిమీద ఒకరు ఎక్కి ఊపిరాడనంత నిండుగా ఉంటాయి. నస్రీన్ చేరేనాటికి, ఆ తర్వాత ఇంకా ఎక్కువగా, బరోడా చిత్రకళ మనుషుల వైపు, కథల వైపు మొగ్గింది. 1981లో బొంబాయి, ఢిల్లీల్లో జరిగిన ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన ఆ మొగ్గుకు జెండా ఎత్తింది. భూపేన్ ఖఖ్ఖర్, గులాం మొహమ్మద్ షేక్ లాంటివాళ్లు అందులో ఉన్నారు. పక్క గదుల్లో సహోద్యోగులు బజారునూ వీధినీ ఇరుగుపొరుగునూ గీస్తుంటే, నస్రీన్ కాగితం మీంచి ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. ఎవరినీ ఖండించలేదు, తన దారికి పేరూ పెట్టుకోలేదు.

ఇక పనిముట్ల సంగతి. తెలుగునాట ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదివినవాళ్లున్న ఇళ్లలో చాలాచోట్ల అటక మీద ఓ మినీ డ్రాఫ్టర్ పడి ఉంటుంది. పరీక్ష అయ్యాక దాన్ని ముట్టినవాళ్లు లేరు. డ్రాయింగ్ హాల్లో దాన్ని బిగించిన బోర్డుకు షీటు అంటించి, హెచ్ పెన్సిలు చెక్కుకుని, గీత మీద గీత పడి నల్లబడితే మాస్టారి చేత చీవాట్లు తిన్నవాళ్లకు నస్రీన్ పని సగం ముందే అర్థమవుతుంది. ఆవిడ వాడిన సామగ్రి ఆ కుటుంబానిదే. డ్రాఫ్ట్స్‌మన్ బల్ల, స్కేళ్లు, వృత్తాలు గీసే కాంపస్, పెన్సిలు, సిరా, రూలింగ్ పెన్.

ఈ రూలింగ్ పెన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దీనికి పాళీ ఉండదు. రెండు సన్నటి ఉక్కు రేకులు ఎదురెదురుగా, కొసలు దాదాపు ఆనుకునేట్టు ఉంటాయి. పక్కన చిన్న మర. మర తిప్పితే రేకుల మధ్య సందు పెరుగుతుంది, తగ్గుతుంది. గీత మందం ఆ సందే. సిరాలో ముంచడం కూడా ఉండదు. డ్రాపరుతోనో మరో కలంతోనో రెండు రేకుల నడుమ ఒక బొట్టు వేస్తారు. బడిలో చదువుకున్న తలతన్యత ఇక్కడ పనిచేస్తుంది. బొట్టు కిందికి కారకుండా రేకుల మధ్య వేలాడుతుంది. కొస కాగితానికి తగిలినప్పుడే దిగుతుంది.

వినడానికి సులువే. వాడిచూస్తే తెలుస్తుంది. బొట్టు ఎక్కువైతే దాని బరువుకే సిరా జారి మరక పడుతుంది. తక్కువైతే గీత సగంలో ఎండిపోతుంది. కలం స్కేలుకు మరీ ఆనితే సిరా అంచు కిందికి పాకి కాగితం పాడవుతుంది. కాబట్టి స్కేలుకీ కొసకీ మధ్య వెంట్రుకవాసి దూరం ఉంచుతూ లాగాలి. కలం ఏటవాలు గీత పొడుగునా ఒకటే ఉండాలి. వేగం మారితే మందం మారుతుంది. మొదట్లో ఒక్క క్షణం తటపటాయిస్తే అక్కడ బుడిపె, చివర్లో ఎత్తడం ఆలస్యమైతే అక్కడా బుడిపె. సిరా గీతను రబ్బరుతో చెరపలేం. బ్లేడుతో గీకితే కాగితం గరుకెక్కి ఆ చోటు ఎప్పటికీ బయటపడిపోతుంది.

ఇప్పుడు ఒక పూర్తి కాగితం ఊహించుకోండి. అడ్డంగా గీతలు, ఒకదాని కింద ఒకటి, పదులు దాటి వందకు చేరువగా. మధ్య దూరం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ ఉన్నచోట్లు కొన్ని, చూపు దూరేంత వదులైన చోట్లు కొన్ని. కొన్ని గీతలు సిరావి, కొన్ని పెన్సిలువి. తొంభయ్యో గీత దగ్గర చెయ్యి జారితే ముందు గీసిన ఎనభై తొమ్మిదీ దండగ. ఇలాంటి కాగితాలు ఆవిడ ఒకటీ అరా గీయలేదు. ఏళ్ల తరబడి అదే పని.

ఆ ఏళ్లలోనే జబ్బు పెరుగుతూ వచ్చింది. పార్కిన్సన్స్‌ను పోలిన అరుదైన నరాల వ్యాధి అని ఆవిడ గురించి రాసినవాళ్లు చెబుతారు. ఇలాంటి జబ్బులు ఒక్కసారిగా వచ్చి పడేవి కావు. మెదడులో కదలికను మొదలుపెట్టే, ఆపే, సరిచేసే ఏర్పాటు కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. అనుకున్న కదలిక అనుకున్నప్పుడు రాదు, అనుకోనిది వచ్చిపడుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం, గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం వంటి ఆలోచించకుండా చేసే పనులు ముందు కష్టమవుతాయి. అయినా నస్రీన్ చివరిదాకా గీశారు. గీతల కచ్చితత్వం సడలలేదు.

దీన్ని అద్భుతం అనేస్తే మన పని తేలికవుతుంది, ఆవిడ పని మరుగునపడుతుంది. కాస్త లెక్కగా చూద్దాం. స్కేలు చేతికి ఏమి ఇస్తుంది? పక్కకు పోకుండా కాపు ఇస్తుంది. అంచుకు ఆనించి లాగే కలానికి రెండు దిక్కులే మిగులుతాయి. చెయ్యి పక్కకు వణికినా అంచు కొంతవరకు ఆ వణుకును మింగేస్తుంది. చేతి బరువు బల్ల మీద ఉంటుంది కాబట్టి భుజం అలసట తగ్గుతుంది. ఇక్కడితో స్కేలు సాయం సరి. ఒత్తిడి ఎంత, వేగం ఎంత, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపు, స్కేలును తర్వాతి గీతకు ఎంత దూరం జరపాలి అన్నవన్నీ ఇంకా మనిషివే. పైగా ఒక చెయ్యి గీస్తుంటే రెండో చెయ్యి స్కేలును కదలకుండా నొక్కి ఉంచాలి. జబ్బుకు చెయ్యి చూపించడానికి ఇంకా బోలెడు చోటుంది.

ఇంకో సంగతీ ఉంది. ఈ పనిముట్లను ఆవిడ జబ్బు కోసం ఎంచుకోలేదు. 1960లలో నస్రీన్ బొమ్మలు వేరుగా ఉండేవి. నీటిరంగులూ పల్చటి సిరా పూతలూ, ఎండిన కొమ్మలనో నీటి జాడలనో గుర్తుచేసే మెత్తటి ఆకారాలు. కాన్వాసు మీద నూనె రంగులతోనూ పనిచేశారు. 1970 ప్రాంతంలో గళ్లు వచ్చాయి. నిలువు గీతలూ అడ్డగీతలూ కాగితమంతా అల్లుకున్నాయి. తర్వాత నిలువులు తగ్గి అడ్డాలు మిగిలాయి. ఆ తర్వాత ఏటవాలు గీతలొచ్చి గళ్లను చీల్చేశాయి. స్వేచ్ఛగా తిరిగే చేతిని పక్కనపెట్టి స్కేలును పట్టుకోవడం ఆవిడ ఆలోచించి తీసుకున్న నిర్ణయం. చేతి వయ్యారం మీద నమ్మకం తగ్గి, దూరాల మీద, లయ మీద నమ్మకం పెరిగిన మనిషి తీసుకున్న నిర్ణయం. జబ్బు ముదిరేనాటికి ఆ క్రమశిక్షణ అప్పటికే చేతికి వచ్చేసి ఉంది. అది ఆదుకుంది. ఒక కళాకారిణి తన కళ కోసం కట్టుకున్న పద్ధతి తర్వాత ఒంటికి ఆసరా అయిందని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక్కడ మాతీస్ గుర్తొస్తారు. 1941లో పేగు క్యాన్సరుకు పెద్ద ఆపరేషన్ జరిగాక ఆయన మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యారు. కుంచె పట్టి నిలబడటం కష్టమై కత్తెర పట్టారు. సహాయకులు గవాష్ రంగు పూసిన కాగితాలను కత్తిరించి, వాళ్ల చేతనే గోడ మీద అతికింపజేసి, జరిపించి, మళ్లీ అతికించి చేసినవే ఆయన కాగితం బొమ్మలు. 1953 నాటి ‘నత్త’ అడుగుల లెక్కన తొమ్మిదికి తొమ్మిది దాటుతుంది. మాతీస్ ఒంటికి తగ్గట్టు పనిముట్టును మార్చుకున్నారు. బొమ్మ పెద్దదైంది, రంగు పెరిగింది, సాయానికి మనుషులొచ్చారు. నస్రీన్ పనిముట్టు మార్చలేదు. కాగితం పెద్దది చేయలేదు. రంగు తీసుకురాలేదు. జబ్బు మనిషి కళ ఇలా ఉంటుందని ఎవరైనా సూత్రం చెప్పబోతే ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

ఇప్పుడు గీతల దగ్గరికి. నస్రీన్ బొమ్మలకు పేర్లు లేవు, చాలావాటికి తేదీలూ లేవు. కాబట్టి ‘ఫలానా బొమ్మ’ అని వేలుపెట్టి చూపడం కష్టం. తరహాలుగా చెప్పుకోవాలి.

మొదటి తరహా, 1970లలోని అడ్డగీతల బొమ్మలు. దూరం నుంచి చూస్తే కాగితం మీద బూడిదరంగు పట్టీలు కనిపిస్తాయి. దగ్గరికెళ్తే పట్టీలు లేవు, గీతలే ఉన్నాయి. గీతలు దగ్గరపడిన చోట కన్ను వాటిని విడదీయలేక నలుపూ తెలుపూ కలిపి బూడిదరంగు చేసేసుకుంటుంది. ఆ రంగు కాగితం మీద లేదు, చూసేవాడి కంట్లో ఉంది. నస్రీన్ చేతిలో ఉన్నది గీతల మధ్య దూరం ఒక్కటే. ఆ దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే బూడిదరంగు పలచబడుతుంది, తగ్గిస్తే చిక్కబడుతుంది. ఆ పెరుగుదల ఒకే లెక్క ప్రకారం సాగదు. లెక్క ప్రకారమే సాగితే అది గ్రాఫ్ కాగితం అయ్యేది. రెండు దట్టమైన గుంపుల తర్వాత మూడోది వస్తుందని కన్ను సిద్ధపడే చోట ఖాళీ వదులుతారు. ఖాళీకి అలవాటు పడేలోగా ఒక్కటే ఒక్క గీత, కాస్త మందంగా. తాళం తెలిసినవాళ్లకు ఈ వాయిదా వేయడంలోని రుచి వెంటనే పట్టుబడుతుంది.

సిరాకీ పెన్సిలుకీ మధ్య నడిపిన వ్యవహారం ఇంకో సంగతి. సిరా గీత కాగితం పైన కూర్చుంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. పెన్సిలు గీత కాగితం గరుకు మీద తేలుతూ పోతుంది, కొద్దిగా పొడిపొడిగా. పక్కపక్కన పెడితే సిరా ముందుకొస్తుంది, పెన్సిలు వెనక్కి పోతుంది. ఈ ఒక్క తేడాతో ఆవిడ లోతు తెచ్చారు. దూరం చూపడానికి బొమ్మలు వేసేవాళ్లు వాడే దిగంతరేఖ లేదు, దూరమయ్యే కొద్దీ చిన్నవయ్యే చెట్లూ లేవు. రెండు రకాల గీతలే గదినీ, గదికవతలి గదినీ కడతాయి.

మగ్గం దగ్గర పడుగు సాగదీసి ఉంచినప్పుడు పక్కనుంచి చూసినవాళ్లకు ఈ అనుభవం తెలుసు. ఒక్కో పోగూ విడిగా ఉంటుంది, మనం అడుగు జరిగితే పోగులన్నీ కలిసి పలచటి తెరలా మెరుస్తాయి, ఇంకో అడుగుకు మళ్లీ విడిపోతాయి. ఈ పోలిక నేను ఊరికే తెచ్చింది కాదు. మగ్గం మీద బిగించిన పోగులను నస్రీన్ కెమెరాతో తీసుకున్నారు. ఆవిడ తీసిన నలుపు తెలుపు ఫొటోల్లో నీళ్లూ ఇసుకా, రోడ్డు మీద గీతలూ, మెట్ల నీడలూ, ఫతేపూర్ సిక్రీ రాళ్లూ, చండీగఢ్ కాంక్రీటూ ఉన్నాయి. బతికుండగా వాటిని ప్రదర్శనకు పెట్టలేదు. వాటిని బొమ్మలకు నకలు అనుకుంటే తప్పు. ఫొటో చూసి గీసినట్టు ఏ డ్రాయింగూ కనిపించదు. కన్ను సాధనకు చేసిన పని అది. లోకంలో ఉన్న వందల వస్తువుల్లోంచి ఒక అంచునూ దాని నీడనూ ఏరుకోవడం ఫొటోల్లో నేర్చుకున్నారు. ఆ ఏరినదాన్నీ వదిలేసి, ఏరడం ఒక్కటే కాగితం మీదికి తెచ్చారు.

రెండో తరహా ఏటవాలు గీతలది. గళ్లలో మొత్తం కాగితం పంచుకున్న బరువు ఇక్కడ ఒక దిక్కుకు పోగవుతుంది. విసనకర్రలా గీతలు ఒక కొస వైపు చేరుతాయి. డ్రాయింగ్ నేర్చినవాళ్లందరూ భయపడేది ఆ కొసకే. అన్ని గీతలూ ఒక బిందువు దగ్గర కలిస్తే సిరా మీద సిరా పడి అక్కడ నల్లటి ముద్ద అవుతుంది. తప్పించాలంటే ఒక్కో గీతనూ బిందువుకు కాస్త ముందే, ఒక్కోదాన్ని ఒక్కో దూరంలో ఆపాలి. ఒకటి ఆరకముందే ఇంకోటి గీయకూడదు. చూసేవాడికి మాత్రం అన్నీ అక్కడిదాకా వెళ్లినట్టే ఉండాలి. పనితనం అంటే నాకు ఇలాంటి చోట్ల కనిపిస్తుంది. చివరి అర అంగుళంలో తీసుకున్న శ్రద్ధ మిగతా గీత మొత్తాన్ని నిలబెడుతుంది.

ఇక 1980ల బొమ్మలు. ఇక్కడ కాగితంలో ఎక్కువ భాగం ఖాళీ. మధ్యలో, కొన్నిసార్లు మధ్య నుంచి కాస్త తప్పుకుని, ఏటవాలుగా తేలే ఆకారాలు. కోసుగా సాగే త్రిభుజాలు, వంపులు, వృత్తాల ముక్కలు. ఏ ఆకారానికీ చుట్టుగీత గీసినట్టు ఉండదు. పక్కపక్కనే పోయే గీతలు ఆగిన చోట్లన్నీ కలిసి ఒక అంచు అనిపిస్తాయి. అంటే అక్కడ మనకు కనిపించే అత్యంత పదునైన గీతను ఎవరూ గీయలేదు. ముప్పై గీతలు సరిగ్గా ఆగాల్సిన చోట ఆగడం వల్ల అది పుట్టింది. కదలికను ఆపడమే కష్టమయ్యే జబ్బు ఒకవైపు, ఆగడం మీదే ఆధారపడిన బొమ్మ ఇంకోవైపు. ఇంతకన్నా కఠినమైన పనిని ఆవిడ ఎంచుకోగలిగేవారా అనిపిస్తుంది.

ఈ బొమ్మల్లో గీతల సంఖ్య తగ్గింది. దీన్ని జబ్బు ఖాతాలో వేయడం చాలా తేలిక. చెయ్యి సహకరించలేదు, కాబట్టి తక్కువ గీశారు అని. కానీ 1960ల నుంచీ ఆవిడ ప్రయాణమంతా తీసివేతే. రంగు పోయింది, ఆకారం పోయింది, గళ్లు పోయాయి, అడ్డగీతలు పలచబడ్డాయి. జబ్బు లేకపోయినా ఈ దారి ఇక్కడికే వచ్చేదని అనలేం. జబ్బు వల్లే వచ్చిందనీ అనలేం. పైగా తేదీలు లేని బొమ్మలను ఒంటి స్థితితో జత చేసి, ఇది బాగున్నప్పటిది, ఇది బాగాలేనప్పటిది అని పట్టిక వేసే వీలే ఆవిడ ఉంచలేదు. కావాలని చేశారో లేదో గానీ, ఆ ఖాళీ వల్ల ఆవిడ బొమ్మలు రోగి రికార్డుగా మారకుండా తప్పించుకున్నాయి.

తేదీలు పూర్తిగా లేకపోలేదు. అవి ఆవిడ డైరీల్లో ఉన్నాయి. ఏడాదికొకటి అచ్చయి వచ్చే మామూలు డైరీలే. వాటిలో తన పని గురించీ చదువు గురించీ ముక్కలు ముక్కలుగా రాసుకున్నారు. చాలా పేజీల్లో రాత మీదా రోజుల మీదా సిరా పట్టీలు లాగి, గళ్లు నింపి, పేజీని నమూనాగా మార్చేశారు. గడిచిన రోజును కొట్టేయడం మనందరం క్యాలెండరు మీద చేసేదే. ఆవిడ ఆ కొట్టివేతను కూడా కొలతతో చేశారు. ఎంత మందం, ఎక్కడిదాకా, పక్కరోజుకు ఎంత ఎడం అని చూసుకుని. రాత గదిలోకీ బొమ్మల బల్ల మీదికీ ఒకే చెయ్యి, ఒకే పట్టుదల వెళ్లాయని ఆ పేజీలు చెబుతాయి.

విమర్శకులు నస్రీన్ పక్కన తరచూ నిలబెట్టే పేరు అమెరికన్ చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్. ఆవిడా గళ్లు గీశారు, అడ్డగీతలు గీశారు. ఆవిడకూ జీవితాంతం వదలని జబ్బుంది, స్కిజోఫ్రీనియా. పోలిక పైకి బాగానే కుదురుతుంది. గీత దగ్గరికెళ్తే ఇద్దరూ విడిపోతారు. మార్టిన్ ఆరడుగుల కాన్వాసు మీద పెన్సిలుతో గీశారు. కాన్వాసు నేత మీద పెన్సిలు ఎగుడుదిగుడుగా పోతుంది. ఆ చిన్న తడబాటును ఆవిడ ఉండనిచ్చారు. గీతలో మనిషి ఊపిరి వినిపిస్తుంది. నస్రీన్ ఆ తలుపు మూసేశారు. గీతలో ఊపిరి వినిపించదు. గీతకూ గీతకూ మధ్య ఎడంలో వినిపిస్తుంది. మార్టిన్ కాన్వాసు మీద అన్ని గళ్లకూ సమాన గౌరవం, కన్ను ఎక్కడైనా విశ్రమించవచ్చు. నస్రీన్ కాగితం కన్నును ఒకచోట ఉండనివ్వదు, ఏదో దిక్కుకు నెడుతూనే ఉంటుంది. ధ్యానం, ప్రశాంతత అన్న మాటలు ఇద్దరికీ కలిపి వాడేస్తుంటారు గానీ, నస్రీన్ బొమ్మల్లో ప్రశాంతత కన్నా బిగువే ఎక్కువ.

మెచ్చుకోలుకు ఒక హద్దు కూడా పెట్టుకోవాలి. అన్ని కాగితాలూ ఒకే ఎత్తులో లేవు. కొన్ని గళ్ల బొమ్మల్లో పద్ధతి కనిపిస్తుంది, పద్ధతిని దాటే ఎడం కనిపించదు. వాటిని సాధన కాగితాలు అనుకోవచ్చు. అచ్చులో ఈ బొమ్మలు బాగా నష్టపోతాయన్నది ఇంకో మాట. పుస్తకంలో చిన్నది చేస్తే పెన్సిలు గీతలు మాయమవుతాయి. ఫోన్ తెర మీద గీతలకు గీతలు అడ్డం పడి, అసలు బొమ్మలో లేని అలలు తేలతాయి. తెర చుక్కలకూ ఆ సన్నటి గీతలకూ పొసగక వచ్చే అలలవి. వాటిని చూసి ఓహో అనుకుంటే మనం మెచ్చుకున్నది ఫోన్‌నే.

బతికుండగా నస్రీన్‌కు దక్కిన పేరు కళాకారుల వలయం దాటి పెద్దగా పోలేదు. తర్వాత పోయింది. 2007లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా 12లో ఆవిడ బొమ్మలు పెట్టారు. 2013లో ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం పెద్ద ప్రదర్శన చేసింది. 2015లో మాడ్రిడ్‌లోని రెయినా సోఫియాలో ప్రదర్శన జరిగింది. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖ మెట్ బ్రాయర్ తలుపులు తెరుస్తూ పెట్టిన తొలి ప్రదర్శనల్లో ఒకటి నస్రీన్‌ది. అంతర్జాతీయ ఖ్యాతితో పాటు ఆ జబ్బు కథ కూడా ఊరేగింది. వణికే చేతులు, వణకని గీతలు అన్న మాట శీర్షికకు బాగుంటుంది కదా.

శీర్షిక అబద్ధం కాదు, అరకొర. వణకని గీత గీయడం ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసిన ఏ కుర్రాడికైనా వచ్చు. నస్రీన్ చేతులు వణికినా వణకకపోయినా, ఆ గీత పక్కన ఇంకో గీత ఎంత ఎడంలో ఉండాలో ఆ కుర్రాడికి తెలియదు, మనకూ తెలియదు. అది తెలియడానికి ఆవిడకు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ తెలివికి నరాల జబ్బు అంటలేదు. చేతులు ఆ తెలివిని కాగితం మీదికి చేర్చడానికి పడిన శ్రమ మాత్రం రోజురోజుకూ పెరిగింది. ఈ రెండింటినీ కలిపేయకుండా చూడగలిగితే నస్రీన్ మీద జాలి తగ్గి గౌరవం పెరుగుతుంది.

ఢిల్లీ వెళ్లినప్పుడు కిరణ్ నాడార్ మ్యూజియంలో ఆవిడ బొమ్మలేవైనా గోడ మీద ఉన్నాయేమో కనుక్కోండి. వాళ్ల సేకరణలో ఆవిడవి చాలా ఉన్నాయి. ఉంటే ముందు దూరంగా నిలబడండి, తర్వాత అద్దానికి జానెడు దూరంలోకి రండి. గీతల మధ్యలు తర్వాత చూడొచ్చు, మొదట కొసలు చూడండి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, బుడిపె ఉందా, పక్క గీత ఆగిన చోటుకూ దీనికీ ఏం సంబంధం. ఒక్క కాగితం మీద పది నిమిషాలు ఇలా గడిపితే, నైరూప్య చిత్రం మనకు అర్థం కాదనే బెరుకు పోతుంది. నేతగాడి పంచె అంచును వేళ్లతో తడిమి నాణ్యం చెప్పే మనవాళ్లకు ఇది బొత్తిగా కొత్త విద్యేమీ కాదు.